సంఘం అనే మాట: చర్చి చరిత్రలో ఒక తగాదా

మా ఊళ్లో దాన్ని చర్చి అని ఎవరూ అనేవారు కాదు. మాకు రెండు మాటలుండేవి. తాటాకు తీసేసి పెంకులు వేసిన ఆ ఒంటిగది ఇల్లు 'గుడి'. ఆదివారం అందులో కూర్చునే మనుషులు 'సంఘం'. వేపచెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్కను సంఘపెద్ద ఇనుప కడ్డీతో కొట్టగానే మా నాయనమ్మ "సంఘం కూడుతోంది, లేవండ్రా" అనేది. కప్పు మార్చిన ఏడాది నెల రోజులపాటు గుడిలో కూర్చునే వీలు లేకపోయింది. ప్రార్థన వేపచెట్టు కిందనే జరిగింది. గుడి లేదు గదా అని ఎవరూ అనుకోలేదు. సంఘం ఉంది, అది చాలు.

నేను విశ్వాసం వదిలి చాలా ఏళ్లయింది. అయినా ఆ మాట నన్ను వదల్లేదు. ఆ మధ్య ఒక సాహిత్య సభలో ఒక విద్యార్థి లేచి అడిగాడు: "చర్చి పాలకుల వెంట వచ్చిన సంస్థ గదా, దళిత క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చిన రచయితలకు దాని మీద అంత కోపమూ అంత మమకారమూ ఒక్కసారే ఎందుకుంటాయి?" వేదిక మీద ఉన్నవాళ్లం మతం గురించి అందరికీ తెలిసిన రెండు ముక్కలు చెప్పి సరిపెట్టాం. ఆ జవాబు నాకే తృప్తినివ్వలేదు. ఈ వ్యాసం ఆ విద్యార్థికి నేను బాకీపడ్డ సమాధానం.

నా వాదం ఇది. క్రైస్తవ విశ్వాసంలో చర్చి అంటే మొదట కట్టడం కాదు, గురువుల అధికారమూ కాదు; కూడిన మనుషులు. ఈ అర్థం పుట్టుకతో వచ్చింది. దాన్ని కట్టడంగా, అధికారంగా మార్చుకోవాలని బలవంతులు, తిరిగి మనుషులుగా మార్చుకోవాలని బలహీనులు పెనుగులాడటమే చర్చి చరిత్రలో పెద్ద భాగం. ఈ పెనుగులాట గ్రంథాల్లో జరిగినట్టు కనిపిస్తుంది గాని, తేలేది మాత్రం అన్నం దగ్గర, నీళ్ల దగ్గర, కూర్చునే చోట.

1

కొత్త నిబంధన గ్రీకు భాషలో ఉంది. అందులో చర్చికి వాడిన మాట 'ఎక్లేసియా'. అది మత పదం కాదు, రాజకీయ పదం. గ్రీకు నగరాల్లో పౌరులు కూడి తీర్మానాలు చేసే సభకు ఆ పేరు. హెబ్రీ గ్రంథాలను గ్రీకులోకి మార్చిన యూదు పండితులు ఇశ్రాయేలు ప్రజల సమావేశాన్ని చెప్పేచోట కూడా చాలాసార్లు ఈ మాటనే వాడారు. ఈ రెండు అర్థాలూ కలిసి తొలి క్రైస్తవుల చేతికి వచ్చాయి. నాలుగు సువార్తల్లోనూ ఈ మాట మత్తయి సువార్తలో రెండు అధ్యాయాల్లో తప్ప కనిపించదు. కాని పౌలు రాసిన ఉత్తరాల్లో అడుగడుగునా ఉంది.

ఆ మాటకున్న లౌకికార్థం 'అపొస్తలుల కార్యములు' 19వ అధ్యాయంలో బాగా తెలుస్తుంది. ఎఫెసు పట్టణంలో అర్తెమి దేవత గుడి నమూనాలను వెండితో చేసి అమ్ముకునే కంసాలులు, పౌలు బోధ వల్ల తమ వృత్తి దెబ్బతింటుందని ఊరిని రెచ్చగొట్టి నాటకశాలలో గుమిగూడతారు. ఆ గందరగోళపు గుంపునీ గ్రంథకర్త ఎక్లేసియా అనే అన్నాడు. తెలుగు బైబిల్లో మాత్రం అక్కడ 'సభ' అనీ, క్రైస్తవుల విషయం వచ్చేసరికి 'సంఘము' అనీ ఉంది. మూలంలో మాట ఒక్కటే, అనువాదంలో రెండు. చిన్న సంగతే, కాని మత పదాలు ఎలా తయారవుతాయో ఇలాంటి చోట్లనే చూడాలి.

నగర సభకూ క్రైస్తవుల సభకూ తేడా సభ్యత్వంలో ఉంది. ఏథెన్సు ఎక్లేసియాలో స్త్రీలకు, బానిసలకు, పరదేశులకు చోటు లేదు. పౌలు ఉత్తరాల్లోని ఎక్లేసియాలో ఈ ముగ్గురూ ఉన్నారు. దానికి కట్టడం లేదు. ఎవరో ఒకరి ఇంట్లో కూడేవారు. అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు డేరాలు కుట్టి బతికేవారు. అది తోలు పని కావచ్చునని కొందరు పండితుల అభిప్రాయం. వాళ్ల ఇంట్లో ఒక సంఘం కూడేది. ఫిలేమోను అనే యజమాని ఇంట్లో మరో సంఘం. అతని బానిస ఒనేసిము విడిపోతే, అతన్ని తిరిగి పంపుతూ, బానిసగా కాక సోదరుడిగా చేర్చుకొమ్మని పౌలు రాశాడు. బానిసత్వాన్ని రద్దు చెయ్యమని మాత్రం రాయలేదు. ఈ రెండు సంగతుల్లో ఏ ఒక్కదాన్ని మరిచినా ఆ కాలం మనకు అర్థం కాదు.

కొరింథు సంఘంలో మరో తగాదా వచ్చింది. ప్రభువు భోజనం అని పిలిచే విందుకు తీరికున్నవాళ్లు ముందు వచ్చి, తెచ్చుకున్నది తిని, తాగి కూర్చుంటే, ఏమీ లేనివాళ్లు ఆకలితో మిగిలిపోయారు. ఇది ప్రభువు భోజనమే కాదని పౌలు కోప్పడ్డాడు. లేనివాళ్లను సిగ్గుపరిస్తే ఎక్లేసియాను తృణీకరించినట్టేనన్నాడు. అంటే చర్చి ఉందో లేదో తేల్చడానికి ఆయన చూసింది ప్రార్థన సరిగా జరిగిందా అని కాదు, కూడు సరిగా పంచారా అని. తర్వాతి తరాలు మరుగుపరచడానికి ఎంత ప్రయత్నించినా ఈ కొలత ఆ గ్రంథంలోనే ఉండిపోయింది.

సిరియా ఎడారి అంచున దూరా యూరోపస్ అనే పాత కోట పట్టణాన్ని 1930ల ప్రాంతంలో తవ్వినప్పుడు మూడో శతాబ్దపు ఒక ఇల్లు బయటపడింది. బయటికి మామూలు ఇల్లే. లోపల మాత్రం రెండు గదుల మధ్య గోడను తీసేసి ఒక హాలు చేశారు. మనకు దొరికిన అతి పాత క్రైస్తవ ప్రార్థనాస్థలాల్లో అదొకటి. గోడ కట్టి కాదు, గోడ తీసేసి చర్చి చేసుకున్న కాలమది.

2

313లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి క్రైస్తవానికి చట్టబద్ధత ఇచ్చాడు. 380లో థియొడోసియస్ దాన్ని సామ్రాజ్యపు అధికార మతం చేశాడు. ఇంటి సంఘం బసిలికాకు మారింది. బసిలికా అంటే రోమనుల న్యాయస్థానాలూ వ్యాపారాలూ నడిచే పెద్ద హాలు. న్యాయాధికారి కూర్చునే చోట బిషప్పు ఆసనం వచ్చింది. విశ్వాసం మారలేదు, 381 నాటి విశ్వాస ప్రమాణంలో చర్చి ఏకం, పరిశుద్ధం, సార్వత్రికం, అపొస్తలికం అని చెప్పుకున్నారు. కాని ఆ నాలుగు విశేషణాలకు పూచీ ఎవరిదన్న ప్రశ్నకు జవాబు మారింది. మూడో శతాబ్దంలోనే కార్తేజి బిషప్పు సిప్రియన్ చర్చికి వెలుపల రక్షణ లేదన్నాడు. వేధింపుల కాలంలో అది చీలికలను ఆపడానికి అన్న మాట. రాజ్యం చేతికి వచ్చాక అదే మాట బెదిరింపుగా పనికొచ్చింది.

యూరపు భాషలు ఈ మార్పును దాచుకున్నాయి. ఫ్రెంచి 'ఎగ్లీజ్', స్పానిషు 'ఇగ్లేసియా' ఎక్లేసియా నుంచి వచ్చాయి. ఇంగ్లీషు 'చర్చ్', జర్మను 'కిర్షె' మరో గ్రీకు మాట నుంచి వచ్చాయి. దాని అర్థం ప్రభువుకు చెందినది, అంటే ప్రభువు ఇల్లు. మన తెలుగులో ఈ రెండు దారులూ కలిశాయి. ఇంగ్లీషు దారిలో 'చర్చి' వచ్చింది. ఎక్లేసియాకు అనువాదంగా 'సంఘం' వచ్చింది. మా నాయనమ్మకు గ్రీకు రాదు. అయినా ఆ తేడా ఆమెకు స్పష్టంగా తెలుసు.

పదహారో శతాబ్దంలో ఈ తేడాకు ప్రాణాలు పోయాయి. 1522లో కొత్త నిబంధనను జర్మనులోకి మార్చిన లూథరు, ఎక్లేసియా అన్న చోట 'కిర్షె' అనక 'గెమైండె' అన్నాడు. సమాజం, సముదాయం అని దాని అర్థం. కాని జర్మను రైతుకు గెమైండె అంటే తన ఊరి ఉమ్మడి కూడా. పచ్చికబయళ్లను, అడవిని కలిసి అనుభవించే ఊరు. 1525లో తిరగబడ్డ రైతులు మెమింగెన్‌లో రాసుకున్న పన్నెండు కోరికల్లో మొదటిది, తమ గురువును ఎన్నుకునే హక్కూ, నడవడి బాగాలేకపోతే తొలగించే హక్కూ గెమైండెకే ఉండాలన్నది. తర్వాతి కోరికలు పన్నుల గురించి, వెట్టి గురించి, అడవుల గురించి. చర్చి ఎవరిది అన్న ప్రశ్న నుంచి భూమి ఎవరిది అన్న ప్రశ్నకు వాళ్లు నేరుగా నడిచారు. లూథరు మాత్రం భయపడి ప్రభువుల పక్షం చేరాడు. ఆ మాటను రైతుల చేతికిచ్చినవాడే వాళ్లను అణచమని రాశాడు. ఈ యుద్ధంపై ఎంగెల్స్ 1850లో రాసిన పుస్తకం మన పాఠకుల్లో చాలామంది చదివిందే.

ఇంగ్లండులో విలియం టిండేల్ 1526లో అచ్చువేయించిన కొత్త నిబంధనలో 'చర్చ్' అన్న మాట బదులు 'కాంగ్రిగేషన్' అని, అంటే కూడిన జనం అని, వాడాడు. థామస్ మోర్ 1529లో ఒక పెద్ద గ్రంథం రాసి ఈ మాట మీద విరుచుకుపడ్డాడు. ఒక్క మాటకు ఇంత గొడవా అని మనకు ఆశ్చర్యం వేయవచ్చు. మోర్‌కు ఆశ్చర్యం లేదు. చర్చి అంటే కూడిన జనమే అయితే బిషప్పుల కోర్టులు, దశమ భాగాలు, మఠాల భూములు దేని మీద నిలబడతాయి? 1536లో టిండేల్‌ను గొంతు బిగించి చంపి, శవాన్ని తగలబెట్టారు. తర్వాత జేమ్స్ రాజు తన బైబిలు అనువాదకులకు ఇచ్చిన నియమాల్లో ఒకటి, 'చర్చ్' అన్న పాత మాటను మార్చరాదని. అనువాదం నిరపాయమైన పని అనుకునే సాహిత్య విద్యార్థులు ఈ నియమాన్ని గుర్తుంచుకోవాలి.

ఇక్కడ కాథలిక్కుల పట్ల న్యాయంగా ఉండాలి. వారి సిద్ధాంతంలోనూ చర్చి అంటే రాళ్లు కాదు, క్రీస్తు శరీరం. రెండో వాటికన్ మహాసభ 1964లో వెలువరించిన పత్రంలో 'దేవుని ప్రజలు' అన్న అధ్యాయాన్ని గురువుల అధికార క్రమాన్ని చెప్పే అధ్యాయానికి ముందు పెట్టారు. వరస మార్చడమే ఒక వాదం. అయితే అధికార క్రమం పోలేదు. తర్వాతి అధ్యాయంలో భద్రంగా ఉంది.

3

ఇప్పుడు మన నేలకు వద్దాం. 'సంఘం' అన్న మాట కృష్ణా తీరానికి కొత్త కాదు. దూరా యూరోపస్‌లో ఆ గోడ తీసేసిన మూడో శతాబ్దంలోనే నాగార్జునకొండలో బౌద్ధ సంఘాలు వర్ధిల్లాయి. తెలుగులో చర్చికి సంఘం అని పేరు పెట్టినవారు ఆ సంగతి తలచుకున్నారో లేదో గాని, కులాన్ని లెక్కించకుండా కూడే మనుషులు అన్న పాత జ్ఞాపకం ఆ మాట వెనుక ఉంది.

ఒంగోలు కథ దీనికి సరైన నిదర్శనం. 1866లో తోలు వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం తీసుకున్నాడు. అంతకు ముందే యోగ మార్గం బోధించే గురువుల దగ్గర శిష్యరికం చేసినవాడు. కాబట్టి మిషనరీలు ఖాళీ పలక మీద రాశారనుకోవటం తప్పు. వెతుకుతున్న మనిషే వాళ్లను కలుసుకున్నాడు. 1867 జనవరి 1న ఒంగోలులో ఎనిమిది మందితో బాప్టిస్టు సంఘం ఏర్పడింది. దాని పాస్టరు అమెరికా నుంచి వచ్చిన జాన్ క్లౌ దొర. మాదిగలను చేర్చుకుంటే మేం రాము, మా పిల్లలను బడికి పంపము అని పై కులాల పెద్దలు అన్నప్పుడు, ఆయనా ఆయన భార్యా వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు కనబడిందట: లోకం నీచంగా చూసేవాళ్లను దేవుడు ఎన్నుకున్నాడని కొరింథువారికి పౌలు రాసిన చోటు. అద్భుతాన్ని పక్కన పెడదాం. ఆయన తీసుకున్న నిర్ణయం మాత్రం చరిత్ర.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలాది మందికి కూలి ఇప్పించాడు. పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆపనిచ్చాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కూటి కోసం మతం మారారు అన్న నింద ఆనాటి నుంచీ ఉంది. ఆకలిగొన్నవాడు కూటి గురించి ఆలోచించటం నేరం ఎలా అవుతుందో ఆ నింద వేసేవాళ్లు చెప్పరు. పైగా కూటి కోసమే అయితే కూలి దొరికిన రోజుల్లో ఆ పని జరగాలి. నా ఉద్దేశంలో వాళ్లు వెతికింది కూటికంటే పెద్దది: తలెత్తి కూర్చునే చోటు.

దానికి ఆధారం సంఘంలో చేరేవాళ్లకు పెట్టిన నియమాల్లోనే ఉంది. ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను కొలవరాదు. మూడూ మత నియమాల్లాగా కనిపిస్తాయి. కాని పల్లెలో మాదిగ ఊరికి కట్టుబడ్డవాడు. పిలిస్తే వెట్టికి పోవాలి, జాతరలో డప్పు కొట్టాలి. ఆదివారం రానంటే, డప్పు కొట్టనంటే, అది ఊరి కట్టును ధిక్కరించటమే. కరణాలూ మునసబులూ దాన్ని అలాగే అర్థం చేసుకున్నారు. నీళ్లు ఆపారు, కొట్టారు, కేసులు పెట్టారు. ఆదివారం ఒకచోట కూర్చోవటం కోసం మా పెద్దలు చేసింది ఒకరకంగా సమ్మె. అందుకే 'సంఘం కూడుతోంది' అన్న మాటలో మా నాయనమ్మ గొంతుకు ఆ పట్టుదల వచ్చేది.

క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ మాదిగల జీవితం మీద 1899లో ఒక పుస్తకం రాసింది. ఆమె తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్ అమెరికాలో సామాజిక సువార్త సిద్ధాంతకర్త. చర్చి పని పరలోకానికి మనుషులను తయారు చెయ్యటం ఒక్కటే కాదు, సమాజాన్ని మార్చటం కూడా అని 1907లో వాదించినవాడు. ఒంగోలు పల్లెలు ఆ ఇంటికి దూరంగా లేవన్న సంగతి మన చరిత్రకారులు మరికాస్త పట్టించుకోవాలి.

4

ఇంతవరకే చెప్పి ఆపితే అది స్తుతి పాఠం అవుతుంది. సంఘంలోకి కులం ఎంత త్వరగా వచ్చిందో కూడా చెప్పాలి. దక్షిణాది చర్చిలలో కులాలవారీగా కూర్చోవటాన్ని ఖండిస్తూ కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్ 1833లోనే ఉత్తర్వు పంపాడు. తంజావూరులో దానికి గట్టి ప్రతిఘటన వచ్చింది. తిరునెల్వేలి సీమలోని వడక్కన్‌కుళం కాథలిక్ చర్చిలో కులాల మధ్య అడ్డుగోడ 1910 దాకా నిలిచింది. దూరా యూరోపస్‌లో గోడ తీసేసి చేసుకున్నదాన్ని ఇక్కడ గోడ కట్టి నిలుపుకున్నారు.

మన దగ్గర ఇటుకల గోడ అక్కర లేకపోయింది. ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు, గుంటూరు లూథరన్లలో మాలలు ఎక్కువగా చేరారు. మిషన్ల సరిహద్దే కులపు సరిహద్దయింది. మా ఊళ్లో రెండు గుడులు, రెండు సంఘాలు. ఒకే క్రీస్తు, ఒకే ప్రభువు బల్ల అని రెండుచోట్లా చెప్పేవారు. అటువాళ్లు ఇటు రొట్టె తీసుకోవటం నా చిన్నతనంలో నేను చూడలేదు. పై కులాల నుంచి వచ్చి చేరినవాళ్లు ముందు వరసలో కూర్చున్న చోట్లూ ఉన్నాయి.

దీనికి ఎదురు నిలిచిన ప్రయత్నాలూ ఉన్నాయి. 1912లో దోర్నకల్లు బిషప్పయిన వి. ఎస్. అజరయ్య ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్పు. 1910లోనే ఎడింబరో మహాసభలో నిలబడి, మీరిచ్చిన దానాలు చాలు, స్నేహం కావాలని దొరల ముఖం మీదే అడిగినవాడు. ఆయన పాటుపడిన చర్చిల ఐక్యత, ఆయన పోయిన రెండేళ్లకు, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా రూపు కట్టింది. బిషప్పులున్న చర్చీ, లేని చర్చీ కలవటం ప్రపంచంలో పెద్ద విశేషమే. అయితే ఒంగోలు బాప్టిస్టులూ, గుంటూరు లూథరన్లూ అందులో చేరలేదు. మిషన్ల మధ్య గోడలు కొన్ని కూలాయి. పల్లెల మధ్య గోడ సంగతి ఏ ఒప్పంద పత్రంలోనూ తేలలేదు.

ఈ నేపథ్యంలోనే జాషువాను చదవాలని నా కోరిక. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి, 1941 నాటి 'గబ్బిలం'లో తన అంటరాని నాయకుడి చేత గోడు చెప్పించింది కాశీలోని శివుడికి. సంఘంలో పుట్టినవాడు గుడి తలుపు దగ్గర ఎందుకు నిలబడ్డాడని విమర్శకులు అడిగారు. సంఘం అతనికి ఇచ్చిన చోటు ఊరి లెక్కలో చోటు కాదని నాకు తోచే జవాబు. మతం మారినా కావ్య లోకంలో, ఊరి బావి దగ్గర కులం మారలేదు.

రాజ్యం మాత్రం మారిందనే చెప్పింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లిములను చేర్చలేదు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగల మీద పడ్డవాళ్లు ఎవరు ఏ గుడికి పోతారని అడగలేదు. ఆ తర్వాత రెండున్నర నెలలకు, సెప్టెంబరు 30న, సుప్రీంకోర్టు సూసై కేసులో తీర్పు చెప్పింది. సూసై మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టే క్రైస్తవుడు. హిందూ చెప్పులు కుట్టేవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే బంకు తనకూ ఇమ్మన్నాడు. మతం మారాక కులం కొనసాగుతోందంటే చాలదు, క్రైస్తవంలోనూ అదే స్థాయి అణచివేత ఉందని రుజువు చెయ్యాలని కోర్టు అతని కోరికను కొట్టేసింది. మతాన్ని బట్టి ఈ హోదాను తేల్చరాదని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. ఆ సిఫారసు అమలు కాలేదు.

సూసై కేసులో ఒక చిత్రమైన చిక్కు ఉంది. రుజువు చెయ్యాలంటే తన సంఘంలో కులం ఉందని క్రైస్తవుడు తానే చాటాలి. లేదంటే హక్కు పోతుంది, ఉందంటే విశ్వాసం అబద్ధమవుతుంది. ఆ విద్యార్థి అడిగిన కోపమూ మమకారమూ ఒక్కసారే ఎందుకన్న దానికి నా సమాధానం ఇక్కడుంది. మనుషులుగా తొలిసారి కూర్చోబెట్టింది సంఘమే కాబట్టి మమకారం. కూర్చున్నాక గీత గీసిందీ అదే కాబట్టి కోపం.

ఒక మాట మనవాళ్లకు. 1940లలో తెలంగాణ పల్లెల్లో ఆంధ్ర మహాసభను జనం 'సంఘం' అనే పిలిచారు. మన రచయితల సంఘమూ ఆ మాటనే మోస్తోంది. ఎంగెల్స్ 1894లో తొలి క్రైస్తవాన్ని కార్మికోద్యమంతో పోల్చింది పొగడటానికి కాదు, పరిశీలించటానికి. అణగారినవాళ్లు కూడిన ప్రతి సభా కాలక్రమాన కట్టడంగా, పదవిగా మారే ప్రమాదం ఉందని చర్చి చరిత్ర మనకు చెబుతోంది. కొరింథువాళ్లకు పౌలు పెట్టిన పరీక్ష మతం లేనివాళ్లకూ పనికొస్తుంది: ఆలస్యంగా వచ్చినవాడికి, పని ముగించుకుని వచ్చినవాడికి, బల్ల మీద ఏమైనా మిగిలిందా?

ఈ మధ్య మా ఊరికి పోయాను. పెంకుల గుడి పోయి స్లాబు గుడి వచ్చింది. మైకు వచ్చింది. రైలు పట్టా ముక్క కనిపించలేదు. రెండు గుడులూ అలాగే ఉన్నాయి. ప్రార్థనకు పోయే ఒక చిన్నపిల్లను ఎక్కడికమ్మా అని అడిగితే "చర్చికి తాతా" అంది. సంఘం అనలేదు.